బోరుచేను గట్టు మీద టెంకాయ

హనుమక్క గెలిచిన తగవుల్లో రామలక్ష్మమ్మ కళ్ళారా చూసిన మొదటిది గొర్రె పెంటికల తగవు.

వాళ్ళది విడపనకల్లు దాటి కర్ణాటక వైపు పోతే వచ్చే నల్లరేగడి పల్లె. వానలకు ముందు, చేలన్నీ బోసిగా పడి ఉన్నప్పుడు, గొర్రెలవాళ్ళను పిలిచి చేనులో మంద కట్టించుకోవడం అక్కడి ఆనవాయితీ. పగలంతా ఎక్కడెక్కడో మేసిన గొర్రెలు రాత్రికి వచ్చి చేనులో పడుకుంటాయి. అవి వేసే పెంటికలు, పోసే ఉచ్చ, అంతా నేలకు బలం. అందుకు చేను ఆసామి గొర్రెలవాళ్ళకు జొన్నలు కొలవాలి. ఆ యేడు బయ్యన్న చేనులో మంద కట్టింది హనుమక్క. బయ్యన్న రామలక్ష్మమ్మకు మొగుడి అన్న, పైగా సొంత అక్క యశోదమ్మ మొగుడు. అక్కచెల్లెళ్ళను తెచ్చి అన్నదమ్ములకే చేశారు. మంద లేచిపోయే పొద్దు వచ్చేసరికి బయ్యన్న చెయ్యి ముడుచుకుపోయింది. చెప్పిన జొన్నల్లో సగమే కొలిచి, కరువు గొర్రెలు, తిన్నదెంత వేసిందెంత అంటూ శేరు బోర్లించాడు.

హనుమక్క ఇంటికి పోయి చీపురు, గంప, గోతాలు తెచ్చుకుని చేనులోకి దిగింది. కొంగు నడుముకు చుట్టి పెంటికలు ఊడ్చి గోతానికి ఎత్తడం మొదలుపెట్టింది. నీ జొన్నలు నీ దగ్గర ఉండనీ, నా ఎరువు నేను తీసుకుపోతానంది. చూస్తుండగా జనం గట్టు మీద చేరారు. అందరి ముందూ తగ్గడం ఇష్టం లేక బయ్యన్న ఎకసెక్కానికి దిగాడు.

"పెంటికలైతే ఊడ్చినావు సరే. నేల తాగిన ఉచ్చ ఎట్ల ఎత్తుకపోతావు?"

హనుమక్క నడుము నిలబెట్టి, చీపురు చేతిలోనే పట్టుకుని చెప్పింది. "అది మీకు దానం చేసినా పో సామీ. గొర్రెలోళ్ళ కాడ దానం పట్టిన ఇల్లని ఊర్లో నేనే చెప్పుకుంటాలే, నువ్వేం మొగమాట పడాకు."

గట్టు మీద నవ్వు లేచింది. ఊరికి పెద్ద ఆసామి గొర్రెలకాపరి చేతి దానం పట్టాడన్న మాట ఒకసారి పుడితే సంతల దాకా పోతుందని బయ్యన్నకు తెలుసు. మిగతా సగం జొన్నలు అక్కడే, ఆ నిమిషంలోనే కొలిపించాడు. రామలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటి దాకా నవ్వుకుంటూ పోయింది. తన నోరే ఊర్లో పదునైన నోరని అప్పటిదాకా ఆమెకు ఒక గర్వం. ఆ పొద్దు నుంచి ఆ గర్వంలో కొంత తగ్గించుకోవలసి వచ్చింది, అందుకామె హనుమక్క మీద చాన్నాళ్ళు మంటగానే ఉంది.

హనుమక్క మనిషి ఎత్తరి. ఎండాకాలమైనా భుజాన కంబళి దిగదు. మొగుడు పోయాక మందను ఒక్కతే అడవుల వెంట తిప్పి మేపింది. కొడుకు లింగప్ప ఎదిగొచ్చేదాకా కర్ర పట్టింది ఆమే. ఎన్ని గొర్రెలు ఉన్నాయని ఎవరు అడిగినా చెప్పదు. "మేతకు సరిపోనన్ని ఉండాయి" అంటుంది. అక్షరం రాదు. రామలక్ష్మమ్మకు సంతకం చేసేంత వచ్చు, ఆ సంతకం కూడా ఊరికే చెయ్యదు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఎన్నేళ్ళ పరిచయమైనా హనుమక్క వస్తే అరుగు కింద మెట్టు మీదే కూర్చునేది. పైకి రమ్మని రామలక్ష్మమ్మా ఏనాడూ అనలేదు. అది అక్కడి నడత, ఇద్దరికీ తెలిసిన నడత.

మంద కట్టే మొదటి సాయంత్రం ఒక తంతు ఉంటుంది. గొర్రెలు గట్టు దాటకముందే చేను ఆసామి గట్టురాయి మీద టెంకాయ కొడతాడు. ఒక చిప్ప మందకు, ఒక చిప్ప నేలకు. చేను గుత్తకు తీసుకుని కౌలు చేసేవాడు కొట్టకూడదు. నేల ఎవరి పేరు చెప్పుకుంటుందో వాళ్ళే కొట్టాలి. ఈ టెంకాయ దగ్గరే హనుమక్క రెండో తగవు గెలిచింది. ఆ తగవు రామలక్ష్మమ్మదే.

రామలక్ష్మమ్మ మొగుడు పోయిన యేడు. పిల్లలు లేరు. భాగానికి వచ్చిన మెట్టచేను బయ్యన్న చేనుకు ఆనుకునే ఉంది. అప్పటికి బయ్యన్న కూడా పోయి, కొడుకు రాఘవేంద్ర పెత్తనానికి వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని మండలంలో నాయకుల వెనక తిరిగేవాడు. మాట మెత్తన. ఆ సాయంత్రం తన చేను గట్టు మీద టెంకాయ కొట్టేసి, చిన్నమ్మ చేనుది కూడా చేతికి తీసుకున్నాడు. నువ్వెందుకు చిన్నమ్మా, నేను కొడతాలే అన్నాడు. మొగుడు పోయిన చేత్తో టెంకాయ కొడితే మందకు మంచిది కాదని పెద్దమనుషులు కూడా తలాడించారు. రామలక్ష్మమ్మ అంత నోరూ ఆ పొద్దు పెగల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే పక్కకు చూసింది.

హనుమక్క కర్ర అడ్డం పెట్టి మందను గట్టు అవతలే నిలిపేసింది.

"నేల ఎవురిదో వాళ్ళే కొట్టాల. ఇంకొకరు కొడితే నా గొర్రె ఈ గట్టు దాటదు. ఈ చేను రాఘవేంద్రప్పదయితే ఆ మాట నోటితో చెప్పండి, ఆయప్పతోనే కొట్టించుకుంటా. కాదంటే ఆయమ్మ చేతికి ఇయ్యండి."

చేను తనదని అందరి ముందూ చెప్పడానికి రాఘవేంద్రకు నోరు రాలేదు. టెంకాయ చిన్నమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ఒక్క దెబ్బకే పగలగొట్టింది. ఆ దెబ్బ ఆ పొద్దు పడకపోయి ఉంటే, యేడు తిరిగేసరికి ఆ చేను గుత్తకు పోయేది, ఇంకో యేడు తిరిగేసరికి పేరే మారేది. ఈ సంగతి రామలక్ష్మమ్మ ఎవరితోనూ అనలేదు. హనుమక్కతో అసలే అనలేదు. ఊరికి మాత్రం ఆ పొద్దు నుంచి ఒకటి స్థిరపడింది. గట్టు మీద ఎవరు టెంకాయ కొడితే చేను వాళ్ళది.

తర్వాత వచ్చిన కరువుల్లో ఒకటి మరీ పాడు కరువు. మొలక లేదు, మోడు లేదు. చొప్పకట్ట బంగారమైంది. గొర్రెలు నడుస్తూ నడుస్తూ మోకాళ్ళ మీద కూలిపోయేవి. అప్పుడు రాఘవేంద్ర లారీ మాట్లాడుకుని హనుమక్క గుడిసె దగ్గరికి వచ్చాడు. గోరంట్ల అవతల సంతలో బెంగుళూరు షావుకార్లు తనకు తెలుసని, ఈడ చచ్చేవాటికి ఆడ ధర వస్తుందని, మంద తోలిస్తే అమ్మి దుడ్లు తెచ్చిస్తానని చెప్పాడు. కాగితం రాసి, స్టాంపు అంటించి, సంతకం పెట్టి ఇచ్చాడు. మెత్తని మాటకు తోడు ఆయన వెనక బోరుచేను ఉంది. బయ్యన్న కాలపు చేనే అది, బోరు వేశాక ఆ పేరు వచ్చింది. మిరపా, శనగా పండే నేల. మనిషి మాట తప్పినా నేల యాడికి పోతుందిలే అనుకుంది హనుమక్క.

లారీకి పలక వేశారు. గొర్రె ఒక్కటి ఎక్కలేదు. కొట్టినా, లాగినా, అన్నీ కాళ్ళు నిలదొక్కుకుని అరుస్తూ నిలబడ్డాయి. లింగప్ప తల పట్టుకున్నాడు. చివరికి హనుమక్కే కంబళి సర్దుకుని ఆ పలక మీద నడిచి లారీ ఎక్కింది. ఆమె వెనకే మంద మొత్తం నోరెత్తకుండా ఎక్కింది. ఆమె ముందువైపు చెక్క దాటి కిందికి దిగింది. వెనక తలుపు మూసేశారు. ఆ సంగతి హనుమక్క ఎప్పుడూ ఒకే తీరుగా చెప్పేది. వాటిని తన కాళ్ళతో తానే ఎక్కించానని, అవి తనను నమ్మి ఎక్కాయని, అంతవరకే చెప్పి ఆపేది.

దుడ్లు రాలేదు. మొదట షావుకారు ఇవ్వలేదన్నాడు. తర్వాత శనగ పంట చేతికి రానీ అన్నాడు. ఉగాదికి ఉగాదికి ఇంత చేతిలో పెట్టి, కాగితం వెనక సంతకం చేసి, కాగితం బతికే ఉందిలే హనుమక్కా అని పంపేవాడు. మిగిలిన నాలుగు ముసలి గొర్రెలతో ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. చుట్టాల గొర్రెలు కలుపుకుని లింగప్ప మంద నిలబెట్టాడు. యేటా వానల ముందు ఆ మంద బోరుచేనులోనే కట్టేవాళ్ళు. ఎగ్గొట్టినవాని చేనుకు ఎరువెందుకు పోస్తావే, బుద్ధి లేదా అని రామలక్ష్మమ్మ తిట్టింది. హనుమక్క దగ్గర దానికి జవాబు ఉంది.

"నా మంద ఉండేది ఆ నేలలోనే గదక్కా. అది బలంగా ఉంటేనే నాకు గూడా మంచిది."

టెంకాయ రాఘవేంద్రే కొట్టేవాడు, యేటేటా, తెల్లచొక్కా చేతులు మడిచి. పక్క గట్టు మీద తన టెంకాయ పట్టుకుని వంతు కోసం నిలబడే రామలక్ష్మమ్మ అది యేటేటా చూసేది.

ఊరి చుట్టూ గాలిమరలు లేచాయి. బోరుచేను మీద కూడా కంపెనీ మనుషుల కన్ను పడిందని చెప్పుకున్నారు. ఆ యేడు మంద వచ్చేసరికి గట్టురాయి దగ్గర రాఘవేంద్ర లేడు. అతని భార్య తమ్ముడు అభిలాష్ ఉన్నాడు. రాప్తాడు దగ్గర మోటార్లకు వైండింగు చేసే షాపు అతనిది. ఆ ఊరి గట్లు తెలియవు, చెప్పులతోనే నిలబడ్డాడు. టెంకాయ కొట్టాడు. సగం పగిలి సగం పగల్లేదు, రెండో దెబ్బ వేశాడు.

హనుమక్క కర్ర ఎత్తి మందను ఆపింది. "ఏమప్పా, నువ్వు కొడతాండావు. మీ బావ యాడ?"

చేను నా పేరు మీద ఉంది అన్నాడు అభిలాష్. అందులో తప్పేముందన్నట్టు మామూలుగా అన్నాడు. అతనికి ఆ తంతు అర్థం తెలియదు. తెలిసినవాడు రాఘవేంద్ర. చేను ఇంకొకరికి రాసిచ్చి కూడా అన్నేళ్ళు టెంకాయ ఇంకొకరి చేతికి ఇవ్వలేకపోయాడు. ఊరి ముందు గట్టురాయి వదులుకోవడానికి ఆ తెల్లచొక్కాకు మనసొప్పలేదు. గాలిమర కంపెనీవాళ్ళు వస్తే చేను బావమరిది చేతిలో ఉన్నట్టు కనపడాలని ఎవరో చెబితే అప్పుడు వదిలాడు. పక్క గట్టు మీద రామలక్ష్మమ్మ చేతిలో టెంకాయ అట్లాగే ఉండిపోయింది. ఆ పొద్దే ఆమెకూ తెలిసింది, హనుమక్కకూ తెలిసింది.

ఆ తర్వాత కాలం ఎట్లా పోయిందో రామలక్ష్మమ్మకు చాలా దినాలు తెలియదు. లింగప్ప తల్లిని తీసుకుని ఉరవకొండలో లహరి అనే లాయరమ్మ దగ్గరికి పోయాడని, రాఘవేంద్రకు నోటీసు వచ్చిందని మాత్రం ఊర్లో పొక్కింది. అది ఊర్లో పొక్కిన మర్నాడే రాఘవేంద్ర చిన్నమ్మ ఇంటికి వచ్చాడు. వచ్చేటప్పుడు పండ్లు తెచ్చాడు. ఎప్పుడూ తేనివాడు తెచ్చేసరికి రామలక్ష్మమ్మ వాటిని ముట్టుకోలేదు.

ఒంట్లో ఎట్లుంది, మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాడు. కాసేపటికి అసలు మాటకు వచ్చాడు. గొర్రెలామె ఏవేవో కాగితాలు పంపిస్తోందని, దానపత్రం రాసి ఎన్నో ఏళ్ళయిందని, అది రాసిన నాడే ఊరందరికీ తెలుసని, కాలం తీరిపోయినదాన్ని పట్టుకుని ఇప్పుడు ఎవరో ఎగదోస్తే ఎగురుతోందని అన్నాడు.

"నువ్వేం అబద్ధం చెప్పొద్దు చిన్నమ్మా. ఎప్పుడు తెలిసిందని ఎవరన్నా అడిగితే గుర్తులేదను, చాలు. వయసైనోళ్ళకు గుర్తుండదని ఎవరికైనా తెలుసు."

"నువ్వు పుట్టినప్పుడు మీ నాయన పంచిన బెల్లం గుర్తుండాది రా నాకు" అంది రామలక్ష్మమ్మ. "ఇంటికి ఇంత పలుకు. చీమ గూడా సిగ్గు పడి తినకుండా పోయె."

రాఘవేంద్ర నవ్వాడు. నవ్వుతూనే లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, అంతే మెత్తగా ఆ మాట అన్నాడు.

"రేపు నీకు నిప్పు పెట్టేది నేనే గదా చిన్నమ్మా. అది మర్చిపోకు."

పిల్లలు లేని మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో వాడికి తెలుసు. మొగుడికి కొరివి పెట్టింది వాడే. తనకూ వాడే అని ఆమె అనుకుని, మనసును ఆ ఒక్క సంగతిలో నిమ్మళం చేసుకుని ఉంది. వాడు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత పండ్ల సంచి తీసుకుపోయి దూడ ముందు గుమ్మరించింది. దూడ తింటుంటే నిలబడి చూసింది.

రెండు మూడు దినాలు తిరక్కముందే హనుమక్క వచ్చింది. ఈ నడుమ బాగా వంగిపోయింది. మెట్టు మీద కూర్చోవడానికే గోడ పట్టుకుంది. రామలక్ష్మమ్మ ఎందుకు వచ్చావని అడగలేదు. ఎందుకు వచ్చిందో తెలుసు కాబట్టి, ఆ మాట రాకముందే తానే మీద పడింది.

"అభిలాష్ గాడు టెంకాయ కొట్టి ఎన్నేండ్లాయ? నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఇన్నాళ్ళు ఏం చేస్తాంటివే? ఇల్లు కాలినాక బాయి తవ్వేదానికి వస్తారా ఎవరన్నా?"

హనుమక్క తొందరపడలేదు. లాయరమ్మ చెప్పిందంతా ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. లాయరమ్మ రిజిస్టరాఫీసులో ఆ చేను పుట్టుపూర్వం రాయించి తెచ్చిందట. దానపత్రం తేదీ చూస్తే, లారీ వచ్చి మందను ఎక్కించుకున్న దినం కంటే ముందుదట. అంటే చేను తప్పించి, ఆ తర్వాతే గొర్రెలకు వచ్చాడు. అది వినేసరికి, తమలపాకులో వక్క పెట్టి మడుస్తున్న ఒక్కాకు రామలక్ష్మమ్మ చేతిలోనే ఆగిపోయింది.

అప్పులోళ్ళకు అందకుండా ఆస్తి ఇంకొకరికి రాసిస్తే, ఆ రాతను కొట్టెయ్యమని కోర్టును అడగవచ్చట. అయితే దానికి కాలం ఉంది. మూడేళ్ళలోపల అడగాలి. దాటితే కాలదోషం అంటారట, ఇంక ఏమి మొత్తుకున్నా వినరు. ఆ మాట విని హనుమక్క అక్కడ లాయరమ్మను అడిగిందట, దొంగతనానికి గూడా ముసలితనం వస్తుందా తల్లీ అని. ఆ అమ్మాయి నవ్వలేదట. వస్తుందవ్వా, అడగాల్సినవాళ్ళు తెలిసీ అడక్కుండా కూర్చుంటే వస్తుంది అందట. పత్రం రాసిన నాటి నుంచి లెక్క వేస్తే నీ కాలం ఎప్పుడో తీరింది. మోసం నీకు తెలిసిన నాటి నుంచి వేస్తే ఈసారి మంద కట్టే దినాల దాకా ఉంది. అవతలివాళ్ళు నీకు మొదటినుంచీ తెలుసు అంటారు. తెలియదని నువ్వు ఒక్కదానివే అంటే ఎవరు నమ్ముతారు అని లాయరమ్మ అడిగిందట.

"అప్పుడు టెంకాయ మాట చెప్పినా" అంది హనుమక్క. "ఆయమ్మ పెన్ను పక్కన పెట్టి, ఇంకోసారి చెప్పు అనె. ఇంకోసారి చెప్పినా. రాసిచ్చినోడే అన్నేండ్లు టెంకాయ కొడతా ఉంటే చేను వాని చేతిలోనే ఉన్నట్టంట, నాకు తెలిసే దారే లేదంట. అభిలాష్ కొట్టిన పొద్దే నాకు తెలిసినట్టంట. ఆ రెండూ నిలబడాలంటే చూసినోళ్ళు రావాలంట. మా గొర్రెలోళ్ళు చెప్తే మాకోసం చెప్పినట్టుంటాది."

 రామలక్ష్మమ్మ అడిగిన దానికి జవాబు ఇంకా రాలేదు. తెలిసిన దినం నుంచి మూడేళ్ళు ఉండగా, చివరి దినాలదాకా ఎందుకు కూర్చున్నట్టు? అదే మళ్ళీ అడిగింది, ఈసారి తిట్టకుండా.

హనుమక్క కంబళి సర్దుకుని చెప్పింది.

"అభిలాష్ టెంకాయ కొట్టినాక నాలుగు దినాలు కూడా కాలేదు, మీ యక్క పోయె. చావు జరిగిన గడపలో సంవత్సరీకం దాటేదాకా బాకీ మాట ఎత్తం మేము. మా నాయన చెప్పింది, వాళ్ళ నాయన చెప్పింది. యశోదమ్మ చేతి గంజి తాగినదాన్ని. ఆయమ్మ పేరున దీపం పెట్టకముందే వాని గడపలో నిలబడి నా దుడ్లు ఇయ్యి అని ఎట్ల అడిగేది? సరే, సంవత్సరీకం కానీలే అని ఉంటి. అదేమో వాడు వెనక్కి జరుపుకుంటా జరుపుకుంటా పోయె. ఆ తర్వాత రేపు మాపు అని తిప్పె. ఆ పైన నేను పడకేసినా."

రామలక్ష్మమ్మ ఒక్కాకు కింద పెట్టేసింది.

అక్క సంవత్సరీకం వాయిదా వేసేదానికి రాఘవేంద్ర ఎన్ని సాకులు చెప్పాడో ఆమెకు బాగా గుర్తుంది. మొదట మూఢం అన్నాడు. అది పోయాక ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ తర్వాత ఎన్నికలన్నాడు. కన్నతల్లికి పిండం పెట్టేదానికి కూడా చెయ్యి రాదా నీకు, మీ నాయన పిసినారితనం నీకు పదింతలు వచ్చింది అని ఆమె ఇంటికి పోయి మరీ తిట్టింది. వాడు తల వంచుకుని తిట్లు పడ్డాడు. చిన్నమ్మ మాట పడుతున్నాడులే, మంచివాడే అని అప్పుడు అనుకుంది కూడా. ఇప్పుడు తెలిసింది. గొర్రెలవాళ్ళ పట్టింపు వాడికి తెలుసు. దీపం పెట్టనంతకాలం హనుమక్క నోరెత్తదని తెలుసు. ఎత్తకపోతే కాలం తనంతట తాను తీరిపోతుందని, నోటీసు రాకముందే, ఏ లాయరో వాడికీ చెప్పి ఉంటాడు. తల్లి చావును వాడు అట్లా వాడుకున్నాడు. అన్నాళ్ళూ అక్క దీపానికి నోచుకోలేదు.

 గాలిమర రెక్క నీడ ఇంటి ముందు మట్టి మీద తిరిగి తిరిగి పోతోంది.

"పైకి రా" అంది రామలక్ష్మమ్మ.

హనుమక్కకు అర్థం కాలేదు.

"అరుగు మీదికి రా అంటాండా. కింద కూచుంటే నీ మాట నాకు సరిగ్గా వినపళ్ళేదు."

వినపడకపోవడం ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. హనుమక్క గోడ పట్టుకుని లేచి, అరుగు అంచున, కంబళి కింద పరుచుకుని కూర్చుంది. రామలక్ష్మమ్మ రాఘవేంద్ర వచ్చిన సంగతి చెప్పింది. పండ్ల సంగతి చెప్పింది. చివరికి, మనసులో ఉన్నది దాచుకోలేక, వాడు పోతూ పోతూ అన్న మాటా చెప్పింది.

"నేను కోర్టుకు వస్తే, ఇంక వాడు నాకు నిప్పు పెట్టడు. నా పీనుగ ఎవరెత్తుతారో నాకు తెలీదు."

హనుమక్క మా లింగప్ప ఉన్నాడు అని అనబోయి, ఆ ఊర్లో అది జరిగే పని కాదని తెలిసి, ఆ మాట సగంలోనే మింగేసింది. రామలక్ష్మమ్మ మొహంలోకి మాత్రం చూస్తూ కూర్చుంది. నీకు కష్టమైతే వద్దు అని కూడా అనలేదు. అట్లా అని ఉంటే రామలక్ష్మమ్మకు తప్పుకునే దారి దొరికేది. హనుమక్క ఆ దారి ఇవ్వలేదు.

చివరికి రామలక్ష్మమ్మే తల తిప్పింది. "వస్తా పో" అంది. అన్నాక ఆమె నోరు ఎప్పటి నోరైంది. కోర్టులో వాణ్ణి నిలబెట్టి ఏమేమి అడగాలో ఒక్కొక్కటీ పైకి అనుకోసాగింది. వాని తెల్లచొక్కాకు ఎవరి ఎముకల సున్నం కొట్టించాడో అడుగుతాను, అక్క దీపం ఏ గాలిమరకు తాకట్టు పెట్టాడో అడుగుతాను, పుట్టిన నాటి నుంచి వాడు చేసిన పనులన్నీ జడ్జి ముందు పరుస్తాను, నల్లకోటు వేసుకున్నవాళ్ళు కూడా చెవులు మూసుకోవాలి అంది. ఆ కోపంలో ఆమెకు చాలా దినాల తర్వాత కొంచెం సుఖం దొరికింది.

హనుమక్క చెయ్యి చాచి, అన్నేళ్ళలో మొదటిసారి, ఆమె మణికట్టు పట్టుకుంది. గొర్రెను పట్టుకున్నట్టే, నొప్పి లేకుండా, విడిపించుకోవడానికి వీల్లేకుండా పట్టుకుంది.

"అది నేను అడగలేదక్కా" అంది. "నువ్వు వాణ్ణి ఒక్క తిట్టు తిట్టినా పగతో చెప్తాందంటారు. నన్ను ఒక్క మాట పొగిడినా నా మనిషివంటారు. మీ యక్క పేరు గూడా ఎత్తాకు, ఎత్తితే నీకు ఏడుపొస్తాది. ఆడ నిలబడి, గట్టురాయి మీద ఏ యేడు దాకా ఎవురు టెంకాయ కొట్టినారో, అభిలాష్ ఏ యేడు కొట్టినాడో, అంత మాత్రమే చెప్పు. మిగిలిందంతా మింగేసి ఇంటికొచ్చెయ్. ఈ ఒక్కసారికి నా కోసం నోరు కట్టుకో."